పట్నం ఊరికొచ్చింది.. రక్త పరీక్ష ఎప్పుడొస్తుంది?

పెద్ద అంబర్‌పేట్ ఇప్పుడు విడి మున్సిపాలిటీ కాదు. 2025 డిసెంబర్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేసిన 27 పట్టణ స్థానిక సంస్థల్లో ఇదీ ఒకటి. అప్పట్నుంచి జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట నిలబడినా, విజయవాడ హైవే పక్కన హోటల్లో చాయ్ తాగినా వినపడేవి రెండే మాటలు. ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది? ప్లాటు రేటు ఎంత పెరుగుతుంది?

రెండూ అడగాల్సినవే. కానీ పట్నం ఒక ఊరిని కలుపుకుంటే పన్నూ, రేటూ మాత్రమే పెరగవు. జనం నడుము చుట్టుకొలత పెరుగుతుంది. రక్తంలో కొవ్వు, చక్కెర పెరుగుతాయి. ఆ లెక్క ఎవరు చూస్తారన్నది మూడో ప్రశ్న. దాన్ని మాత్రం ఎవరూ అడగట్లేదు.

ఇంట్లో సంపాదించే మనిషి నలభై, యాభై ఏళ్ళకే గుండెపోటుతో పోయిన కుటుంబం మన బంధువుల్లోనో, గల్లీలోనో ఒక్కటైనా ఉంటుంది. జనాజా రోజు ఎవరో ఒకరు అంటారు, ‘మొన్ననే టెస్టు చేయించుకున్నాడు, కొలెస్ట్రాల్ నార్మలే అన్నారంట’ అని. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ అది సగం లెక్కే. మిగతా సగం అదే రిపోర్టులో, కింది వరుసల్లో ఉంటుంది. మనం చూడం, అంతే.

ఊరు మారితే ఒళ్ళు ఎట్లా మారుతుంది

పల్లె నుంచి పట్నం వస్తే ఆరోగ్యం ఏమవుతుందో తెలుసుకోవడానికి మన దేశంలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2005 నుంచి 2007 వరకు హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో నగరాల్లో ఫ్యాక్టరీ కార్మికులను పరీక్షించారు. దాంట్లో తెలివైన పని ఏంటంటే, పల్లె నుంచి వచ్చి ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మనిషిని, ఊళ్ళోనే ఉండిపోయిన అతని సొంత అన్ననో తమ్ముడినో పక్కపక్కన పెట్టి చూశారు. అమ్మానాన్న ఒకరే, చిన్నప్పుడు తిన్న తిండి ఒకటే. మారింది ఊరు మాత్రమే.

2010లో ఫలితాలు వచ్చాయి. ఊళ్ళో ఉండిపోయిన మగవాళ్ళలో 19 శాతం మందికి ఊబకాయం ఉంటే, పట్నం వచ్చినవాళ్ళలో అది దాదాపు 38 శాతం. ఊళ్ళోవాళ్ళలో షుగర్ 6.2 శాతం మందికి ఉంటే, వలస వచ్చినవాళ్ళలో 14.3 శాతం మందికి ఉంది. షుగర్ విషయంలో వలస వచ్చినవాళ్ళు పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్ళతో సమానమైపోయారు.

పెద్ద అంబర్‌పేట్‌లో ఈ రెండు రకాల జనమూ ఉన్నారు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి ఇదే హైవే మీద వచ్చి ఇక్కడ, హయత్‌నగర్‌లో, ఎల్బీ నగర్‌లో అద్దెకు దిగినవాళ్ళు ఒకవైపు. ఇల్లు కదలకుండానే పట్నం అయిపోయినవాళ్ళు ఇంకోవైపు. వీళ్ళు పట్నం పోలేదు, పట్నమే వీళ్ళ ఊరికొచ్చింది. పొలం ప్లాట్లయింది. నడిచిపోయే దూరానికి బండి వచ్చింది. పొద్దంతా ఎండలో ఉండే పని పోయి, డ్రైవర్ సీటో, షాపు కౌంటరో, సెల్‌ఫోనో మిగిలింది. తిండి మాత్రం పొలం పని చేసే మనిషి తిన్నంత అట్లాగే ఉంది.

రెండో సాక్ష్యం ఇంకా దగ్గరిది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఒక కార్యక్రమం నడిపింది. అందులో 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ అదనపు పోషకాహారం ఇచ్చారు, 14 గ్రామాల్లో ఇవ్వలేదు. అప్పుడు పుట్టిన పిల్లలకు 13 నుంచి 18 ఏళ్ళ వయసు వచ్చాక, 1,165 మందిని మళ్ళీ పరీక్షించారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, చిన్నతనంలో మంచి తిండి అందిన పిల్లల్లో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాలు కూడా తక్కువ బిరుసుగా ఉన్నాయి. కానీ ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. రక్తంలో కొవ్వు లెక్కల్లో రెండు గుంపుల మధ్య తేడా కనపడలేదు!

అంటే ఒంట్లో తేడా మొదలైంది, కొలెస్ట్రాల్ రిపోర్టులో ఇంకా పడలేదు. 2008లో అచ్చయిన ఈ ఫలితం పిల్లలది కాబట్టి పెద్దవాళ్ళకు యథాతథంగా వర్తించదు. కానీ ఒక్క నంబరు చూసి ‘అంతా బాగానే ఉంది’ అనుకోవద్దని చెప్పడానికి మన ఇంటి పక్కనే దొరికిన ఉదాహరణ ఇది.

రెండు రిపోర్టులు చూద్దాం

టోటల్ కొలెస్ట్రాల్ అంటే దుకాణం మొత్తం అమ్మకం లాంటిది. అమ్మకం ఎంతో చెప్తే లాభమో నష్టమో తెలియదు. ఏం సరుకు పోయింది, ఎంత అప్పు మిగిలింది చూడాలి. లెక్క కోసం ఇద్దరు మనుషుల రిపోర్టులు ఊహించుకుందాం. నంబర్లన్నీ ల్యాబులు రాసే డెసీలీటరుకి మిల్లీగ్రాముల్లో.

మొదటి మనిషి: టోటల్ కొలెస్ట్రాల్ 225, హెచ్‌డీఎల్ 60, ట్రైగ్లిజరైడ్లు 110.
రెండో మనిషి: టోటల్ కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 260.

ఇంట్లో ఎవరికి చూపించినా, 200 దాటింది కాబట్టి మొదటి మనిషిని భయపెడతారు. రెండో మనిషికి ‘నీకేం లేదు పో’ అంటారు. ఇప్పుడు టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. దీన్నే నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల్లో పేరుకునే కొవ్వు మొత్తం ఇందులోకి వస్తుంది. మొదటి మనిషికి 165, రెండో మనిషికి 158. ఇద్దరూ దాదాపు ఒకే చోట ఉన్నారు. మామూలు మనిషికి ఇది 130 లోపు ఉండాలి.

అక్కడితో అయిపోలేదు. రెండో మనిషికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. ఈ జంట కనపడిందంటే చాలాసార్లు దాని వెనక ఇన్సులిన్ నిరోధకత ఉంటుంది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు. మిగిలిన చక్కెరను లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ఆ ఒత్తిడికి మంచి కొలెస్ట్రాల్ తగ్గిపోతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై సంఖ్య పెరుగుతుంది. అదే సరుకు పది లారీల్లో పోతే ఒక లెక్క, వంద ఆటోల్లో పోతే వేరే లెక్క. రోడ్డు జామ్ చేసేది సరుకు బరువు కాదు, బండ్ల సంఖ్య. ఎల్‌డీఎల్ టెస్టు సరుకు చెప్తుంది. అపో బీ అనే టెస్టు బండ్లను లెక్కపెడుతుంది, ఎందుకంటే చెడు కొవ్వును మోసే ప్రతి రేణువు మీదా అపో బీ ఒక్కటే ఉంటుంది. అపో బీ చేయించుకునే స్తోమత లేకపోతే ఫర్వాలేదు. నాన్ హెచ్‌డీఎల్‌కి పైసా ఖర్చు లేదు, ఒక తీసివేత చాలు.

అట్లాగని మొదటి మనిషి నిశ్చింతగా పడుకోవచ్చని కాదు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసేస్తే అతని ఎల్‌డీఎల్ 143 వస్తుంది. మామూలు మనిషికి అది 100 లోపు ఉండాలి కాబట్టి అతనూ డాక్టర్‌ను కలవాల్సిందే. తేడా ఒక్కటే. మొదటి మనిషికి తనకు సమస్య ఉందని తెలుసు. రెండో మనిషికి తెలియదు.

మనవాళ్ళలో ఎక్కువగా కనపడేది రెండో రిపోర్టే

భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2014లో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌ల లెక్కలు ఇచ్చింది. టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళు 13.9 శాతమే. కానీ హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్ళు 72.3 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్ళు 29.5 శాతం. ఏదో ఒక తేడా ఉన్నవాళ్ళు 79 శాతం. టోటల్ ఒక్కటే చూస్తే ఎంతమంది జారిపోతారో ఈ నంబర్లే చెప్తున్నాయి. 2023లో అదే అధ్యయనం దేశమంతటి లెక్క ఇచ్చింది. షుగర్ 11.4 శాతం, షుగర్‌కు ముందు దశ 15.3 శాతం, బీపీ 35.5 శాతం, పొట్ట చుట్టూ కొవ్వు 39.5 శాతం మందిలో ఉంది.

దీని ఖర్చు వయసు రూపంలో కడుతున్నాం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకు వచ్చింది. మిగతా దేశాలవాళ్ళకు అది దాదాపు 59. ఆ ఆరేళ్ళలోనే కదా కూతురి నికాహ్, కొడుకు చదువు, ఇంటి అప్పు అన్నీ ఉండేది.

అందుకే కొలెస్ట్రాల్ రిపోర్టు చేతికొచ్చిన రోజే ఇంకో ఐదు విషయాలు పక్కన పెట్టుకుని చూడాలి:

నడుము చుట్టుకొలత: మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటిందా?
ట్రైగ్లిజరైడ్లు 150 లేదా అంతకన్నా ఎక్కువున్నాయా?
హెచ్‌డీఎల్ మగవాళ్ళకు 40, ఆడవాళ్ళకు 50 కన్నా తక్కువుందా?
బీపీ 130/85 లేదా అంతకన్నా ఎక్కువుందా?
పరగడుపు షుగర్ 100 లేదా అంతకన్నా ఎక్కువుందా?

ఈ ఐదింటిలో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఇది ఉన్న మనిషికి గుండె జబ్బూ, షుగరూ రెండూ వచ్చే అవకాశం పెరుగుతుంది. వీటిలో నడుము కొలవడానికి టైలర్ దగ్గరుండే టేపు చాలు. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, ప్యాంటు పొట్ట కిందకి జారి ఉంటుంది కాబట్టి.

ఇంకో రెండు టెస్టులు కూడా పనికొస్తాయి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు షుగర్ చెప్తుంది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్‌కు ముందు దశ, 6.5 దాటితే షుగర్ ఉన్నట్టే. రెండోది థైరాయిడ్ టెస్టు. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ముఖ్యంగా ఆడవాళ్ళకు కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చిందంటే టీఎస్‌హెచ్ చూడకుండా తిండినే తప్పుపట్టడం సరికాదు.

మాంసం ఒక్కటే దోషి కాదు

కొలెస్ట్రాల్ అనగానే మన ఇళ్ళల్లో మొదట బంద్ అయ్యేది గోష్త్. నహారీ, పాయా, భేజా రోజూ తింటే మంచిది కాదన్నది నిజమే. ఎర్ర మాంసం కొవ్వు, నెయ్యి, డాల్డా ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి. కానీ మనోళ్ళలో ఎక్కువగా కనపడే ట్రైగ్లిజరైడ్ల సమస్యకు అసలు మూలం తెల్ల అన్నం, మైదా, చక్కెర. గోష్త్ మానేసి, బగారా అన్నం రెండు ప్లేట్లు తిని, పైన ఖుబానీ మీఠా తింటే పరహేజ్ చేసినట్టు కాదు.

చాయ్ లెక్క చూడండి. చెంచాకి నాలుగైదు గ్రాములు, కప్పుకి రెండు చెంచాలు వేసుకుంటే రోజుకి నాలుగు కప్పుల్లో 32 నుంచి 40 గ్రాముల చక్కెర. పైన వేసే చక్కెర రోజు మొత్తం మీద 25-30 గ్రాములు దాటొద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఇంకా ఉస్మానియా బిస్కెట్ లెక్కలోకి రాలేదు.

డాల్డాలో, బేకరీ సరుకులో ఉండే ట్రాన్స్ ఫ్యాట్‌ను కేంద్రం 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేసింది. కానీ, బండి మీద కడాయిలో పొద్దున్నుంచి రాత్రి దాకా మరిగిన నూనెను ఎవరు కొలుస్తారు? ఇంట్లో కూడా ఇఫ్తార్ పకోడీల నూనె సీసాలో పోసి మర్నాడు మళ్ళీ వాడటం మామూలే. అది మానాలి.

మార్చాల్సింది మన దస్తర్‌ఖాన్ కాదు, దాని మీది కొలతలు. అన్నం ఒక గరిటె తగ్గించి ఖట్టీ దాల్, కూర, పెరుగు పెంచండి. మాంసం వారంలో ఎన్నిసార్లన్నది లెక్కపెట్టుకోండి. కొవ్వు తీసేసి వండండి, చేప చేర్చండి. రాత్రి తిన్నాక ఇషా నమాజ్‌కి మస్జిద్ దాకా బండి తీయకుండా నడవండి.

ప్యాకేజీలో 80 టెస్టులా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ రోడ్డు చూసినా ఫుల్ బాడీ చెకప్ బోర్డులే. డెబ్బై టెస్టులు, ఎనభై టెస్టులు, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుంటాం అంటారు. ఆ సంఖ్య ఎట్లా వస్తుందో తెలుసుకోవాలి. ఒక్క సీబీపీలోనే ఇరవై దాకా వరుసలుంటాయి, ప్రతి వరుసనీ ఒక టెస్టుగా లెక్కేస్తారు. లిపిడ్ ప్రొఫైల్‌లో కొలిచేవి కొన్నే, మిగతావి కూడికలు, తీసివేతలు, భాగహారాలు. వాటినీ టెస్టులంటారు. నిజానికి మనిషికి కావాల్సింది లిపిడ్ ప్రొఫైల్, షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ, లివర్, కిడ్నీ, థైరాయిడ్ టెస్టులు, బీపీ, నడుము కొలత. ఎనభై అవసరం లేదు.

ప్యాకేజీలో లేకున్నా జీవితంలో ఒక్కసారి చేయించుకోవాల్సింది ఒకటుంది. లైపోప్రోటీన్ ఏ. ఇది వంశపారంపర్యం, తిండితో దాదాపు మారదు. భారతీయుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఎక్కువగా ఉంటుందని అంచనా. 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా విషయాల్లో ఇంకా గట్టిగా ఉండాలి. మన దేశానికంటూ మొదటిసారి కొలెస్ట్రాల్ మార్గదర్శకాలను కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జూలైలో విడుదల చేసింది. ఈ టెస్టును అది కూడా సూచించింది. మొదటి లిపిడ్ టెస్టు 18 ఏళ్ళకే చేయించాలని, దానికి పరగడుపు తప్పనిసరి కాదని కూడా అందులో ఉంది. తిని చేయించినప్పుడు ట్రైగ్లిజరైడ్లు చాలా ఎక్కువ వస్తేనే మళ్ళీ పరగడుపున చేయిస్తారు.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే అది తిండి వల్ల కాక, వంశం నుంచి వచ్చింది కావచ్చు. అప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు అందరూ టెస్టు చేయించుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. చాచా, ఖాలా బిడ్డల మధ్య సంబంధాలు కలుపుకునే ఇళ్ళల్లో భార్యాభర్తలిద్దరికీ అదే లోపం ఉండే వీలుంది. అట్లా ఉంటే నలుగురిలో ఒక బిడ్డకు తీవ్రమైన రకం రావచ్చు, చిన్న వయసులోనే గుండె దెబ్బతినొచ్చు. రిష్తా మాట్లాడేముందు కట్నం లెక్క కాకుండా ఈ లెక్క అడిగితే మేలు.

మాత్ర ఆపేసే ముందు

స్టాటిన్ మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకు రిపోర్టు నార్మల్ వస్తుంది. వెంటనే మాత్ర ఆపేస్తారు. రిపోర్టు నార్మల్ వచ్చింది మాత్ర వల్ల, ఆపితే మళ్ళీ పెరుగుతుంది. బీపీ మాత్రలాంటిదే ఇది కూడా. గుండెపోటు, స్టెంట్ అయినవాళ్ళకు ఎల్‌డీఎల్ లక్ష్యం 100 కాదు, 55 లోపు. రిపోర్టులో ‘నార్మల్’ అని అచ్చయ్యే గీత వాళ్ళ కోసం గీసింది కాదు.

మాత్ర వేసుకుంటే షుగర్ వస్తుందని ఫోన్లలో తిరిగే మాటలో కొంత నిజముంది. షుగర్‌కు ముందు దశలో ఉన్నవాళ్ళలో అది కొద్దిగా పెరగొచ్చు. కానీ గుండెపోటు, పక్షవాతం తప్పడం వల్ల వచ్చే లాభం దానికన్నా చాలా పెద్దది. ఒళ్ళు నొప్పులు ఎక్కువైతే డాక్టర్‌కు చెప్పి మందు మార్పించుకోవచ్చు, మోతాదు తగ్గించుకోవచ్చు. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్ళు మాత్రం ఆ విషయం డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ప్రభుత్వం ఎక్కడ ఆగిపోయింది

ఇక అసలు విషయం. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరినీ పరీక్షించే జాతీయ కార్యక్రమం ఉంది. ఆశాలు, ఏఎన్ఎంలు బస్తీల్లోకి వస్తారు. బీపీ, షుగర్ చూస్తారు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి అడుగుతారు. మంచి పనే. కానీ ఆ జాబితాలో కొలెస్ట్రాల్ లేదు. అంటే పైన చెప్పిన రెండో మనిషి షుగర్ ఇంకా గీత దాటకపోతే, సర్కారు లెక్కలో కూడా ఆరోగ్యవంతుడే.

అట్లాగని టెస్టు లేదా అంటే ఉంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో నారాయణగూడలో మొదలైంది. బస్తీ దవాఖానాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రక్తం తీసుకుని, పెద్ద ల్యాబుకు పంపి, రిపోర్టు ఫోన్‌కు పంపే పద్ధతి అది. మొదట 57 రకాల టెస్టులుండేవి, 2023లో 134కు పెంచారు. డాక్టర్ రాస్తే లిపిడ్ ప్రొఫైల్ ఉచితమే. ఆ రాయించుకోవడమే తెగిపోయిన ముడి. పేషెంట్ అడగడు, డాక్టర్‌కు బయట క్యూ కనపడుతుంటుంది.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. గుండె ఆపరేషన్ పడితే ఆ డబ్బు ప్రాణం నిలబెడుతుంది. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న చోట టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ మార్కెట్ మన అంబర్‌పేట్ దాటాక బాటసింగారం వచ్చింది. పండ్లు మన దగ్గరికొచ్చాయి, ఆసుపత్రి పండ్ల స్థానంలో లేస్తోంది. ఆసుపత్రి కావాలి, కాదనం. కానీ ఆపరేషన్‌కు లక్షలు పెట్టడానికి సిద్ధపడ్డ ప్రభుత్వం, ఆ ఆపరేషన్‌ను పదేళ్ళ ముందు తప్పించే టెస్టును ఇంటింటి పరీక్షలో ఎందుకు పెట్టదు? కొత్తగా గ్రేటర్‌లో కలిసిన ప్రాంతాల్లో బస్తీ దవాఖానాలు ఎన్ని వస్తాయి, వాటిలో శాంపిల్ రోజూ తీసుకుంటారా లేదా అన్నది ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఒక్కరినీ అడగాలి. పన్ను పట్నం లెక్కన కడితే వైద్యం కూడా పట్నం లెక్కన అందాలి కదా.

ఇందులో మన వంతు కూడా ఉంది. మస్జిద్ కమిటీలు రక్తదాన శిబిరాలు, కంటి శిబిరాలు పెడుతున్నాయి. అదే చోట ఒక టేపు, ఒక బీపీ మిషన్ పెట్టి, నడుము, బీపీ ఎక్కువున్నవాళ్ళను బస్తీ దవాఖానాకు చీటీ రాసి పంపితే పెద్ద ఖర్చు కాదు. ఆడవాళ్ళ కోసం వేరే రోజు పెట్టాలి. ఎందుకంటే ఇంట్లో అందరి రిపోర్టులూ భద్రంగా దాచే అమ్మీకే చాలాసార్లు సొంత రిపోర్టు ఉండదు.

రంజాన్‌కు ముందే

 టెస్టుకు రంజాన్ ముందు రోజులే సరైన సమయం. రోజాలో రక్తం శాంపిల్ ఇస్తే రోజా పోదన్నది ఎక్కువమంది ఉలమాల మాటే. అయినా ఇఫ్తార్ ముందు ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, ఇఫ్తార్ తర్వాత షుగర్, ట్రైగ్లిజరైడ్లు పెరిగి ఉంటాయి. ముందే చేయించుకుంటే మందుల టైము మార్చుకోవడానికి వీలవుతుంది. కొలెస్ట్రాల్ మాత్ర రోజుకి ఒక్కటే కాబట్టి చాలామంది ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం డాక్టర్‌ను అడగకుండా రోజా మొదలుపెట్టొద్దు.

ఈ వారం ఒక పని చేయండి. బీరువాలో ఉన్న పాత రిపోర్టు తీయండి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి ఎంత వచ్చిందో పక్కన పెన్నుతో రాయండి. ట్రైగ్లిజరైడ్ల నంబరు చుట్టూ గీత గీయండి. నడుము కొలిచి అదే కాగితం మీద రాయండి. రిపోర్టు ఏడాది దాటినదైతే, దగ్గర్లోని బస్తీ దవాఖానాకు పోయి ‘డాక్టర్ సాబ్, లిపిడ్ ప్రొఫైల్ రాయండి’ అని అడగండి. అడగడం మన హక్కు. మీ తర్వాత మీ ఇంట్లో ఆడవాళ్ళను కూడా తీసుకుపోండి.